ఏడో అనుబంధం

నలభై రెండు ఫైళ్ళు, ఒక్కొక్కటీ ఇటుకంత బరువు.
సూర్‌లో, ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో
నాది కాగితాల కొలువు.
కొరియావాళ్ళు ఇచ్చింది, ఒమన్‌వాళ్ళు పుచ్చుకున్నది
వరుస సంఖ్య వేసి, ముద్ర కొట్టించి, బీరువాలో పెట్టాలి.

ఒప్పందం చివర ఏడో అనుబంధం:
సాంకేతిక పరిజ్ఞాన బదిలీ.
నూట పదిహేడు అంశాలు.
డ్రాయింగులు, వాల్వుల పట్టీ, పొరలు కడిగే మందు పాళ్ళు,
పాస్‌వర్డులన్నీ, ఒక్కటి తప్ప.
అది బూసాన్‌లోనే ఉంటుందని
పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది.

ఈ నూట పదిహేడులో
గుండేటి లస్మయ్య ఎక్కడా లేడు.
మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ తాలూకు.
స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి
పిడి చెవికి పెట్టుకుని
కళ్ళు మూసుకునేవాడు.
ప్రార్థన అనుకుని మొదటిరోజు
హమూద్ మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

"ఇటు రా బిడ్డా, ఇను.
మంచిగున్నప్పుడు ఎట్లుంటదో చెవికి ఎరుకైతేనే
ఖరాబయ్యేటప్పుడు తెలుస్తది."
తెలుగులోనే అన్నాడు.
రెండు నెలలు మంచి పంపునే వినిపించాడు.
శిక్షణ నివేదికలో ఆ రెండు నెలలకీ
"పురోగతి లేదు" అని టైపు చేసింది నేనే.

లస్మయ్యకి ఎవరు నేర్పారని అడిగితే
భివండిలో అరిగి అరిగి
లారీలెక్కి సిరిసిల్లకొచ్చిన సాంచాల సంగతి చెప్పాడు.
వాటి వెంట పుస్తకం రాలేదు, మేస్త్రీ రాలేదు.
ఇనుమొచ్చింది, గ్రీజు మరకలొచ్చాయి,
రాత్రంతా చప్పుడొచ్చింది.

ఒక జూన్‌లో సముద్రం వైపు తలుపు కారింది.
రబ్బరు పట్టీ బూసాన్‌లో ఓడ కూడా ఎక్కలేదు.
ఛే గారు మెయిలు మీద మెయిలు పెడుతుంటే
హమూద్ మాట్లాడకుండా ఇంటికి పోయి
ఓడలు కట్టిన తాత డబ్బా తెచ్చాడు.
సొరచేప నూనెలో నానిన దూది తాడు,
దాన్ని చెక్కల సందులో కూరే మొద్దు ఉలి.
ఆ వాసనకి ఛే గారు ముక్కు మూసుకున్నారు.
లస్మయ్య తాడు మెలి విప్పి, వేళ్ళ మధ్య నలిపి
"ఎన్ని పోగులు?" అన్నాడు.
పద్దెనిమిది రోజులు ఆగింది.
పట్టీ వచ్చాక దూది పీకి పారేశాం.
దానికి నంబరు లేదు గనక
నా దగ్గర కాగితమూ లేదు.

అప్పగింతలంటే మా వైపు పెళ్ళిలో ఏడుపు.
ఇక్కడ ఖర్జూరాలు, కహ్వా, గ్రూప్ ఫొటో.
ముందురోజు రాత్రి ధైర్యం చేసి
నూట పద్దెనిమిదో వరుస చేర్చాను: చప్పుడు.
ఆధారపత్రం సంఖ్య ఏదని ఆడిటర్ అడిగాడు.
కొట్టేశాను.
ఒకే గీత. కింద ఇంకా చదవొచ్చు.

లస్మయ్య వీసా ఆ నెలతో సరి.
మొన్న సిరిసిల్ల నుంచి వాయిస్ మెసేజీ,
వెనక సాంచాల మోత:
"అద్దకం తొట్టి కారుతుంటె దూది కూరిన మేడం.
సొర నూనె యాడ దొరుకుతది, ఆముదం పోసిన.
జర చెమ్మ కొడుతది గని ఆగింది.
హమూద్‌కు చెప్పున్రి."

చెప్పేలోపే
రాత్రి డ్యూటీ లాగ్‌బుక్ నా బల్ల మీదికొచ్చింది.
మూడో పంపు. రెండూ పదికి ఆపేశారు.
మీటర్లన్నీ పచ్చగానే ఉన్నాయి.
కారణం గడిలో హమూద్ చేతిరాత,
కుడి నుంచి ఎడమకి కూడబలుక్కున్నాను.
కాఫ్ కింద గీత, రా మీద షద్దా.
కిర్రు.

ఇదేం మాట, ఏ డిక్షనరీలో ఉందని
పై ఆఫీసువాళ్ళు ఫోను.
దీన్ని ఏ అనుబంధం కింద పెట్టమంటారని
తిరిగి అడిగాను నేను.
అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

స్టోర్సు లెక్కల్లో మాత్రం
ఒక స్క్రూడ్రైవర్ తక్కువొచ్చింది.